ఇజ్జా పొట్టేలుకు రెప్ప ఎత్తరు

తిగ్రిన్, మే 8, 1992

తల్లీ తూదా,

మీ అత్త ఇజ్జా దీవెనలు. నేను చెబుతుంటే మసీదు గురువు సీ లహ్సన్ రాస్తున్నాడు. రాసినందుకు ఏమీ పుచ్చుకోడు గాని పుదీనా టీ మాత్రం కడివెడు తాగుతాడు. ఇంకా నీ క్షేమం అడగనేలేదు, అప్పుడే మూడు గ్లాసులయ్యాయి. (రెండే. - లహ్సన్)

మనుషులం బాగున్నాం. జీవాలే బాగాలేవు. తల్లి గొర్రెలు పైన కొండమీద ఊరి మందలో ఉన్నాయి, వాటికేం లేదు. బక్రీదు పండగ కోసమని ఇంటిదగ్గర కట్టేసి బార్లీ పెడుతున్నానే, ఆ పన్నెండు పొట్టేళ్ళకీ వచ్చింది తంటా. పది రోజుల కింద ఒకదాని చెంప తడిగా కనబడితే దుమ్ము పడిందిలే అనుకున్నా. మర్నాటికి రెండు. ఇప్పుడు తొమ్మిదింటికి కండ్లకలక. నీళ్ళు, పుసి, ఈగలు. ఎండలోకి రమ్మంటే రావు, అలిగిన కొత్తకోడళ్ళలాగా గోడకేసి మొహం పెట్టుకుని నిలబడతాయి. నాలుగింటికి కంట్లో పువ్వు దిగింది. వంకర కొమ్ములదానికైతే రెండు కళ్ళూ మీగడ కట్టిన పాలే, తొట్టి ముందు నిలబెట్టినా మూతితో నీళ్ళు వెతుక్కుంటోంది.

పొగాకు నమిలి ఊశాను. పంచదార పొడి చేసి గొట్టంతో ఊదాను. చీమలొచ్చాయి గాని కన్ను రాలేదు.

పండగ ఐదు వారాల్లో ఉంది. కన్ను పోయిన జీవం కుర్బానీకి చెల్లదని నీకు నేను చెప్పాలా? (చెల్లదు. - లహ్సన్) సంతలో ఎవరి జీవానికైనా నోరు తెరిచి పళ్ళు చూస్తారు, రెప్ప ఎత్తి కన్ను చూస్తారు. నా జీవానికి ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ ఎత్తలేదు. "ఇజ్జాదా?" అంటారు, తాడు పట్టుకుని పోతారు. మీ మామ పోయి నేనొక్కదాన్నే మంద చూసుకుంటున్నప్పుడూ అంతే. ఈ ఏడు ఎత్తితే నేనా సంతలో మళ్ళీ నిలబడలేను తల్లీ.

నువ్వు డాక్టరువి. మందు చెప్పు.

మీ అత్త ఇజ్జా


రబాత్, మే 14

అత్తకు సలాం.

నీ ఉత్తరం ప్రయోగశాలలోకే తీసుకెళ్ళి చదువుకున్నాను. నా బల్లమీద గాజుసీసాలో ఎద్దు కన్నొకటి ఉంటుంది. చదువుతున్నంతసేపూ అది నన్నే చూసింది. ఈ హాస్టల్లో నన్ను చూసేవాళ్ళకు తక్కువేం లేదులే. తొమ్మిది మంది అమ్మాయిల్లో కొండమనిషిని నేనొక్కదాన్నే. "మీ ఊళ్ళో తోడేళ్ళు ఇంట్లోకి వస్తాయా?" అని అడుగుతారు. "వస్తాయి, టీ ఇచ్చి పంపుతాం" అంటాను. నిన్న వర్షంలో సముద్రం దాకా నడిచి వెళ్ళి, అక్కడ చేయడానికేం లేక తిరిగొచ్చాను. ఒకచోట కూర్చోవడం నాకు ఎప్పటికి వస్తుందో.

సరే, జీవాల సంగతి. ఇది అంటురోగం. దుమ్ములో, ఈగల మీద, ఒకే తొట్టిలో మూతులు పెట్టడం వల్ల పాకుతుంది. ముందు ఆ పొగాకు, ఆ పంచదార మానెయ్. చదువుకున్న పిల్ల ఉన్న ఇంట్లో చేసే పనులేనా అవి? కంట్లో పువ్వు చూసి కన్ను పోయిందని బెంగపడకు. మందు పడితే చాలావరకు కరుగుతుంది.

బస్సు నడిపే హద్దూ చేతికి మూడు సీసాలు, సూదులు, కంటిలో పూసే గొట్టాలు ఇస్తున్నాను. తడిగుడ్డలో చుట్టాను, ఎండ తగలనివ్వకు. పది కిలోల బరువుకు ఒక మిల్లీ లెక్క. మన పొట్టేలుకు ఆరు, మరీ పెద్దదానికి ఏడు. మెడ కండలోకి గుచ్చాలి, నరం మీద కాదు. నాలుగు రోజులాగి మళ్ళీ. ఒకే తొట్టిలో తాగాయి కాబట్టి పన్నెండింటికీ వెయ్యి, మంచివాటిని వదలకు. కంటి మందు రోజుకు మూడుసార్లు. నీడలో ఉంచు, తొట్లు విడివిడిగా పెట్టు.

ఇంతే. ఇందులో కష్టమేం లేదు.

నీ డాక్టరు
తూదా


తిగ్రిన్, మే 27

నా బంగారు డాక్టరుకు,

నీ చెయ్యి చల్లగుండ! పద్దెనిమిదో తారీకున ఒకసారి, ఇరవైరెండున ఒకసారి, నువ్వు చెప్పినట్టే గుచ్చాను. పొట్టేలు నడుం నా మోకాళ్ళ మధ్య ఇరికించి, తల పట్టుకోమని లహ్సన్‌కి ఇచ్చాను. సూది చూడగానే పొట్టేలు కళ్ళు తెరిచింది, ఈయన మూసుకున్నాడు. (ప్రార్థన చేసుకుంటున్నాను. - లహ్సన్)

వారానికల్లా నీళ్ళు కారడం ఆగింది. పువ్వు అంచుల నుంచి కరుగుతూ వచ్చింది, వసంతంలో గుంటల మీద మంచు కరిగినట్టు. వంకర కొమ్ములది మొన్న నన్ను చూసి, గుర్తుపట్టి, ఎప్పటిలాగే పొడవడానికి వచ్చింది. ఏడ్చేశాననుకో.

ఊరంతా చెప్పాను, మా తూదా ఉత్తరంలోనే వైద్యం చేసిందని. రఖియా ఏమందో తెలుసా? "మా అల్లుడు ఎదురుగా కూచుని కూడా ఏమీ చెయ్యలేడే!" అంది.

ఏడు అమ్ముడయ్యాయి. ఎప్పటిలాగే ఉన్నిమీద ఎవరి రంగు వాళ్ళు పూసి, పండగ ముందురోజు దాకా నా దొడ్లోనే ఉంచమన్నారు. వంకర కొమ్ములది లహ్సనే తీసుకున్నాడు. నీలం రంగు పూశాడు, సగం తన జుబ్బాకే పూసుకున్నాడు. ఒక్కరు కూడా రెప్ప ఎత్తలేదు తల్లీ. ఒక్కరంటే ఒక్కరు.

పండగకు రా. నీకిష్టమైన కార్జం ముక్కలు కొవ్వు చుట్టి కాలుస్తాను.

మీ అత్త


రబాత్, మే 31

అత్తకు,

సీ లహ్సన్ గారూ, దీన్ని అత్తకు మాత్రమే వినబడేలా మెల్లగా చదవండి.

అత్తా, అమ్మిన పొట్టేళ్ళను ఈ పండగకు ఎవరినీ కోయనివ్వకు. మిగిలిన ఐదూ అమ్మకు. ఏదో ఒక సాకు చెప్పు. కొండకు తోలానను, బేరం కుదరలేదను, నీకు తోచింది చెప్పు. ఎందుకో నేను వచ్చాక చెబుతాను. కాగితం మీద పెట్టాలంటే సిగ్గుగా ఉంది. కోపం తెచ్చుకోకు, చెప్పినట్టు చెయ్యి.

తూదా


తిగ్రిన్, జూన్ 3

తూదాకు,

సిగ్గా? ఎవర్ని చూసి?

నీ ఉత్తరం విన్నాను. ఎవరు చెప్పారు నీకు? హద్దూగాడేనా? సీసాలు ఇవ్వడానికొచ్చి దొడ్లోకి తొంగిచూశాడు, అప్పుడే అనుకున్నా. వాడి నోరు బస్సు హారను కన్నా పెద్దది.

నేను చేసింది చిన్న పనే. ఏం చేశానో చెప్పించి రాయించలేను, ఎందుకు రాయించలేనో నీకు తెలిసే ఉంటుంది. (నాకు మాత్రం తెలియదు. రాయమన్నది రాస్తున్నాను. - లహ్సన్) అది చేశానని నన్ను చూసి నువ్వు సిగ్గుపడాలా? పాలు తాగే వయసులో మీ అమ్మ పోతే నా వీపున కట్టుకుని మంద వెనక తిప్పాను. అప్పుడు రాని సిగ్గు రబాత్ వెళ్ళాక వచ్చిందేం?

సాకులు చెప్పమంటావా! ముప్ఫై ఏళ్ళుగా నా నోట సాకు రాలేదు. రంగు పూసిన జీవాన్ని ఇవ్వనంటే నేను ఇజ్జాను కాదు. జబ్బు తగ్గింది, జీవాలు గంతులేస్తున్నాయి. ఎవరి పొట్టేలు వాళ్ళకు ఇస్తాను. నువ్వు వస్తే రా, లేకపోతే మానెయ్.

ఇజ్జా

(పిల్లా, ఏదో ఉంది. ఆమె సంతకం చోట వేలిముద్ర వెయ్యకుండానే లేచి వెళ్ళిపోయింది. విప్పి రాయి. - లహ్సన్)


రబాత్, జూన్ 6

అత్తా,

నువ్వేం చేశావో నాకు తెలియదు. హద్దూ ఏమీ చెప్పలేదు. సిగ్గు నిన్ను చూసి కాదు, నన్ను చూసి.

సీ లహ్సన్ గారూ, ఇది మీరే చదవాలి, నీలం రంగు మీదేనని తెలిసే రాస్తున్నాను. మధ్యలో ఆపకండి.

ఆ సూదిమందు వేశాక ఇరవై ఎనిమిది రోజులు ఆ జీవాన్ని కోయకూడదు. మందు మాంసంలో మిగిలి ఉంటుంది. గుచ్చిన మెడ దగ్గర మరీ ఎక్కువ. తిన్నవాళ్ళందరూ పడిపోతారని కాదు. కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి, చిన్నపిల్లలకు మంచిది కాదు, రేపు మనిషికే జబ్బు చేస్తే అదే మందు పని చెయ్యకుండా పోవచ్చు. నువ్వు రెండోసారి వేసింది మే 22న. లెక్క జూన్ 19కి తీరుతుంది. పండగ 12న. వారం రోజులు తక్కువ.

మరిచిపోయాను అని రాద్దామనుకున్నాను. రెండు కాగితాల మీద అలాగే రాసి చించేశాను. మరిచిపోలేదు అత్తా. మందు పెట్టెలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. అందులో ఈ మాట అరబీలో కూడా ఉంది, సీ లహ్సన్ గారు చదవగలరు. సీసాలు తడిగుడ్డలో చుట్టేముందు ఆ కాగితాలు మూడూ నేనే తీసేశాను.

ఎందుకంటే, ఆ ఒక్క మాట రాస్తే నువ్వు పండగ ముందు సూది వెయ్యవు. వెయ్యకపోతే కళ్ళు పోతాయి, "డాక్టరుకు రాశాం, ఏం లాభం" అనుకుంటారు. పశువైద్యంలో నేనింకా రెండో సంవత్సరమే. మందుల పాఠం మాకు మొదలే కాలేదు. పైతరగతి బుష్రా నోటు పుస్తకంలోంచి ఎక్కించాను ఆ లెక్కంతా. కళాశాల వైద్యుణ్ణి అడిగుంటే చెప్పేవాడు, ఒట్టి కంటి పూత మందుతోనే తగ్గుతుందో, మరో మందు ఉందో లేదో. అడగలేదు. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది.

కళ్ళు బాగయ్యాయని, ఏడు అమ్ముడయ్యాయని నువ్వు రాసిన ఉత్తరం బుష్రాకు చదివి వినిపించాను, గొప్పగా. ఆమె నవ్వుతూ వేళ్ళమీద లెక్కపెట్టింది. "పండగకు వారం చాలదే! మీ అత్తకు చెప్పావుగా?" అంది. చెప్పాను అన్నాను.

నువ్వు నన్ను వీపున మోసిన మాట నిజం. ఇప్పుడు నీ పేరును నేను బురదలో వేశాను.

తూదా


తిగ్రిన్, జూన్ 9

చిరంజీవి తూదాకు ఆశీస్సులు. ఇది ఇజ్జా రాయించినది కాదు, నేనే రాస్తున్నాను.

నీ ఉత్తరం ఆపకుండా చదివాను. ఆమె టీ పోస్తూ వింటోంది. గ్లాసు నిండి, పళ్ళెం నిండి, చాప తడిసేదాకా పోస్తూనే ఉంది. కూజా కింద పెట్టి అంది: "లహ్సన్, నీ పొట్టేలు మొహం నేను కడిగాను."

నాకు అర్థం కాలేదు. నేను బేరానికి వచ్చిన పొద్దున్నే వాటి చెంపల మీద కన్నీటి చారలు ఇంకా ఉన్నాయట. చల్లారిన టీ నీళ్ళతో గుడ్డ తడిపి తుడిచి, ఉన్ని దువ్విందట, ఏడింటికీ. అడిగితే జబ్బు చేసి తగ్గిందని చెప్పేదాన్నే అంది. "మీరెవరూ అడగరని నాకు తెలుసు కదా లహ్సన్. అదే నా దొంగతనం." నువ్వు రాసిన సిగ్గు తన గురించేననుకుని మూడు రోజులు నిప్పులమీద ఉంది పాపం. వైద్యం చేసిన సంగతి ఊరందరికీ చెప్పింది గాని, జబ్బు ఎన్నింటికి చేసిందో, అమ్మిన ఏడూ వాటిలోవేనా అన్నది ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. లెక్క నా చేత్తోనే రాసి, తలలు పట్టుకున్న నేను కూడా బేరంలో ఏమీ అడగలేదు.

తర్వాత మిగతా ఆరిళ్ళకూ వెళ్ళాం. నన్ను తోడు తీసుకెళ్ళింది, తాను మధ్యలో మాట మింగేస్తే చెప్పడానికి. మింగలేదు. ప్రతి గుమ్మంలోనూ రెండూ చెప్పింది, నీదీ తనదీ. రఖియా నోరు నొక్కుకుంది. "నువ్వూనా ఇజ్జా?" అంది, అంతే, తలుపు వేసుకుంది. మోహా నవ్వాడు. "వారమేగా! దేవుడు వారానికి లెక్క చూస్తాడా? మా ఆవిడ వంట ఇరవై ఏళ్ళుగా తింటున్నాను, మందు నన్నేం చేస్తుంది?" అన్నాడు. అతని భార్య గరిటెతో కొట్టింది. నేనూ నవ్వాను. ఇజ్జా నవ్వలేదు. "నీ మనవరాలికి మూడేళ్ళు మోహా. పొట్టేలు ఇవ్వను" అంది.

మరి పండగకు ఏం కోస్తారు? సూది పడని తల్లి గొర్రెల్ని కొండమీంచి దింపించింది. ఆడది కుర్బానీకి చెల్లుతుందా అని నన్ను అడిగింది. చెల్లుతుందని ఆమెకూ తెలుసు, నలుగురిలో నా నోట రావాలని అడిగింది. చెల్లుతుందన్నాను. అవి వచ్చే ఏడాది మందకు విత్తనం, తూదా. ఏడింటిని ఏరి, పొట్టేళ్ళకు బదులుగా తాళ్ళు చేతికిచ్చింది.

నిన్న తీసుకోవడానికి వచ్చారు. వచ్చిన ప్రతివాడూ గొర్రె దగ్గర వంగి రెప్ప ఎత్తి చూశాడు. ఆమె పక్కనే నిలబడింది.

నేనూ ఎత్తాను. చెయ్యి దానంతటదే వెళ్ళింది. అది నీకు చెప్పకుండా ఉండలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పండగకు రా. ఒక్కతే ఉంది.

లహ్సన్


రబాత్, జూన్ 10

అత్తకు, సీ లహ్సన్ గారికి సలాం.

పరీక్షలున్నాయి. పండగకు రాలేను. క్షమించండి.

తూదా


తిగ్రిన్, జూన్ 25

తూదాకు,

బక్రీదు నాడు పరీక్ష పెట్టే కాలేజీ ఏ దేశంలో ఉందని లహ్సన్‌ని అడిగాను. తను ఆ దేశం వెళ్ళలేదన్నాడు.

పండగ అయింది. నా దొడ్లో పన్నెండు పొట్టేళ్ళున్నాయి, కోయడానికి ఒక్కటీ లేదు. పొయ్యి వెలిగించి ఊరికే కూర్చున్నాను. మధ్యాహ్నానికి మోహా భార్య పళ్ళెంలో మాంసం తెచ్చింది, పొరుగుకు పంచే వాటా. తర్వాత లహ్సన్ ఇంటి నుంచి. చీకటిపడేలోగా ఆరిళ్ళ నుంచి ఆరు పళ్ళేలు. అన్నీ నా గొర్రెల ముక్కలే. ఏది ఏ గొర్రెదో కూడా తెలుసు నాకు. అయినా తిన్నాను. తినకపోతే వాళ్ళ మొహం కొట్టినట్టవుతుంది. రఖియా మాత్రం పంపలేదు. మర్నాడు పొద్దున చర్మం తెచ్చి గుమ్మంలో పడేసి, "ఉన్ని బాగుంది, వడుక్కో" అని, నా మొహం చూడకుండా పోయింది. అది కూడా రావడమే కదా.

నువ్వు రాలేదు. వారమంతా సాయంత్రం బస్సు హారను విన్నప్పుడల్లా రోడ్డుకేసి చూశాను. హద్దూ దిగి తల అడ్డంగా ఊపేవాడు. ఒకరోజు తల ఊపడానికి కూడా దిగకుండా అద్దాల్లోంచే చూసి పోయాడు.

నువ్వు కాగితం తీసేశావు. నేను మొహం కడిగాను. ఏది బరువో తూచమని లహ్సన్‌ని అడిగాను. తన దగ్గర తక్కెడ లేదన్నాడు. (మళ్ళీ అడిగితే పారిపోతాను. - లహ్సన్) నీకు ఆ పని ఎవరు నేర్పారా అని ఆలోచించాను తల్లీ. చిన్నప్పుడు సంతకు బయలుదేరే ముందు ముక్కు తుడిచి, తల దువ్వి, "మనదగ్గర ఏ లోటూ లేదని కనబడాలి" అని నేనే నిలబెట్టేదాన్ని నిన్ను.

ఇప్పుడు పని సంగతి. నువ్వు చెప్పిన లెక్క పంతొమ్మిదికి తీరింది. ఇంకో వారం పైన వేశాను. జులై రెండు, గురువారం సంతకు పన్నెండింటినీ తోలుకెళ్తాను. ఏడు గొర్రెల చోట మళ్ళీ పిల్లగొర్రెలు కొనాలి, అమ్మక తప్పదు. ఈసారి అందరూ రెప్ప ఎత్తుతారు. ఎత్తనీ. వంకర కొమ్ములది తల విదిలిస్తుంది, దానికి మొహం తాకితే పడదు. రెప్ప ఎత్తేటప్పుడు తల కదలకుండా పట్టుకోవడానికి మనిషి కావాలి. లహ్సన్ పనికిరాడు, కళ్ళు మూసుకుంటాడు.

డాక్టరు కావాలని అనడం లేదు. తల పట్టుకునే మనిషి కావాలి.

ఇజ్జా
(వేలిముద్ర వేసింది. గట్టిగానే వేసింది. - లహ్సన్)


రబాత్, జూన్ 28

అత్తా,

బుధవారం సాయంత్రం బస్సుకు దిగుతాను. హద్దూకు చెప్పాను, తల నిలువుగా ఊపమని.

పండగరోజు నాకు పరీక్ష లేదు. హాస్టల్ ఖాళీ అయింది. నేనూ, కాపలావాడూ మిగిలాం. వాళ్ళావిడ నాకూ ఒక పళ్ళెం పంపింది. నేను తినలేదు. నీలాగా తిని ఉండాల్సింది.

నిన్న కళాశాల వైద్యుడి దగ్గరికి వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కళ్ళజోడు తుడుచుకుని, "కాగితాలు పారేశావా?" అని అడిగాడు. లేదు. మూడూ నా పుస్తకంలోనే ఉన్నాయి. పారేయడానికీ ధైర్యం చాలలేదు. వాటిని తెస్తున్నాను. ఏ మందు, ఎంత, ఏ రోజు వేశామో పన్నెండింటికీ రాసి, ఆ కాగితం కూడా సంతలో పక్కన పెడతాను. అడిగినవాళ్ళకు చెబుతాను. అడగనివాళ్ళకు కూడా చెబుతాను. వంకర కొమ్ములదాని తల నేను పట్టుకుంటాను, కళ్ళు తెరుచుకునే.

సీ లహ్సన్ గారూ, ఈ ఉత్తరం ఇంట్లో కూర్చుని మెల్లగా చదవకండి. మందు పేరు, తేదీలు, నా పేరు వెనకవాళ్ళకు వినబడాలి. నలుగురూ చేరాక దొడ్డి వాకిట్లో నిలబడి, గట్టిగా చదవండి.

తూదా